పీర్ మహమ్మద్ కంబళి కప్పుకున్న పొద్దు

పామిడిలో నా ట్రాక్టర్ సామాన్ల అంగడికీ, పీర్ మహమ్మద్ కరెంటు షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు ఇటు నేను, అటు ఆయన పద్దెనిమిదేళ్లు గడిపాం. మంచివాళ్ల పక్కన బతకడం ఏమంత సుఖం కాదని ఆ పద్దెనిమిదేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది. ఒక చిన్న అబద్ధం ఆడి గిరాకీని పంపించేద్దాం అనుకునేసరికి గోడ అవతలి నుంచి ఆయన దగ్గు వినిపించేది. ఆయన దగ్గింది బ్యాటరీ ఆవిరికే గానీ నా మాటకు కాదు. అయినా నోట్లో మాట నోట్లోనే ఆగిపోయేది.

వాళ్ల నాయన దూది ఏకే మనిషి. పెన్న ఒడ్డున రెండు గదుల ఇల్లు, అందులో ఒక గది నిండా దూదే. పీరుకు ఆ పని పట్టలేదు. గుత్తిలో ఒక లారీ షెడ్డులో చేరి పని నేర్చుకుని, తొంభైల మొదట్లో పామిడికి తిరిగొచ్చి, బెంగుళూరు రోడ్డు మీద రేకులు వేసుకున్నాడు. జీపుల డైనమోలు, లారీల సెల్ఫ్ మోటార్లు, ట్రాక్టర్ల లైట్లు. స్క్రూడ్రైవర్ మొనను మోటారుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. లోపల ఏ బేరింగు అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. చెప్పింది ఎన్నడూ తప్పలేదు. ఉరవకొండ దాకా లారీల వాళ్లు 'పీరు చెప్పినాడా? అయితే సరే' అనేవాళ్లు. ఆ మాట అంటే అక్కడితో వాదన ముగిసినట్టే.

ఇక ఆయన మొండితనం సంగతి. తొంభై ఎనిమిది ప్రాంతంలో వెనక్కి పోయేటప్పుడు కూతపెట్టే హారన్లు వచ్చాయి. జీపుల వాళ్లు సరదాపడి పెట్టించుకుని, నెల తిరక్కుండా చెవులు పగిలిపోతున్నాయని తీసేయమని వచ్చేవాళ్లు. పీరు తీసేవాడు కాదు. 'అరిసేదాని నోరు మూయడం మన పని గాదన్నా, ఎందుకరుస్తాండాదో సూడాల' అని, శబ్దం తగ్గించి పంపించేవాడు. గిరాకీ తిట్టుకుంటూ పోయేవాడు. తిట్టుకున్నవాడే మళ్లీ వచ్చేవాడు, ఎందుకంటే బండి బాగయ్యేది ఆయన చేతిలోనే.

రెండువేల ఆరులో బెంగుళూరు నుంచి ఆయన కొత్త సామాను తెచ్చాడు. రివర్స్ సెన్సార్ అంటారు. కారు వెనక బంపర్‌కు నాలుగు గుండ్రటి బొడిపెలు, లోపల అద్దం దగ్గర ఒక బజర్. వెనక్కి గేర్ వేస్తే ఆ బొడిపెలు మన చెవికి అందని కూత వేస్తాయి. ఆ కూత వెనకున్న వస్తువుకు తగిలి తిరిగొస్తే బజర్ మోగుతుంది. దగ్గరయ్యే కొద్దీ ఆగకుండా మోగుతుంది. పీరుకు అది పిచ్చిపిచ్చిగా నచ్చింది. జీవితమంతా చెవితో పని చేసిన మనిషి, చెవితోనే చూసే మిషన్‌ను మొదటిసారి చూశాడు మరి. బిగించిన ప్రతి కారు యజమానికీ 'దీనికి వెనకాల కండ్లుండాయన్నా' అని చెప్పేవాడు.

కండ్లున్నాయో లేవో గానీ, దానికి నోరు మాత్రం గట్టిది. ఆ ఏడంతా కార్ల వాళ్లు గోల చేస్తూనే ఉన్నారు. బెళుగుప్ప కాంట్రాక్టర్ ఒకాయన వచ్చి, వెనక ఈగ కూడా లేకపోయినా అరుస్తుందని కేకలేశాడు. చూస్తే బొడిపెల మీద ఎర్రమన్ను, దాని మీద నాలుగు చినుకులు పడి గట్టిపడి ఉంది. శింగనమల నుంచి ఇంకొకాయన వచ్చాడు. రోడ్డు మీద నూర్పిడికి పరిచిన పంట మీదుగా తోలుకొచ్చాడు, బంపర్‌కు ఆ పంట ఎండుకట్టె పీచులు పీచులుగా వేలాడుతోంది. అందరి మాటా ఒకటే, వైరు కత్తిరించి పారెయ్యమని. పీరు ఒక్కరికీ కత్తిరించలేదు. తడిగుడ్డ తీసుకుని తుడిచేవాడు, పీచు పీకేవాడు, ఇంకోసారి గేర్ వేయించి వినిపించేవాడు.

నా భాగోతమూ చెప్పాలి. నా పాత కారుకు పెట్టించుకున్న వారానికే అది గేర్ వేయగానే గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. పీరు మీదికి పోయాను.

"ఏమప్పా పీరూ, గోడ లేదు, గొడ్డు లేదు, ఊరికే అరుస్తాండాది. తీసి పారెయ్" అన్నాను.

ఆయన కారు వెనక్కి వెళ్లి, వంగి చూసి, నవ్వు ఆపుకుంటూ లేచాడు. "ఓబుళేసన్నా, ఇది నీ దిష్టిని జూసి అరుస్తాండాది" అన్నాడు. మా ఆవిడ ఆ అమావాస్యకు వెనక బంపర్‌కు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. అవి సరిగ్గా బొడిపెల ముందు ఊగుతున్నాయి. "ముందర కట్టుకో అన్నా, దిష్టి పెట్టేటోళ్లు ముందర గూడా ఉంటారు" అని, దండ విప్పి నా చేతిలో పెట్టాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అసలు కథ పుల్లన్నది. పామిడికి ఆరు మైళ్ల దూరంలో ఆయన ఊరు. పెద్ద మెట్ట కమతం, మండలం ఎన్నికల్లో రెండుసార్లు నిలబడి ఒకసారి గెలిచిన మనిషి. రెండువేల ఏడులో పెద్ద కారు కొని, పీరుతో ఆ సెన్సార్ పెట్టించాడు. బిగించిన రోజు నేనూ ఉన్నాను. ఊరంతా వాకిట్లో చేరింది. పీరు వెనక బిందె పెట్టాడు, అరిచింది. కుర్చీ వేశాడు, అరిచింది. చివరికి పుల్లన్నే పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు, అరిచింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆ కారు డ్రైవర్ చౌడప్ప. పుల్లన్న దగ్గర పాత జీపు కాలం నుంచీ ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు, ఒక గీత కూడా పడనివ్వలేదు. బండిని వెనక్కి తీయాలంటే ముందు కిందికి దిగి, చుట్టూ ఒకసారి నడిచొచ్చి, అప్పుడు గేర్ వేసేవాడు. ఆ రోజు కూడా దిగబోతే పుల్లన్న జనం ముందే ఎగతాళి చేశాడు. "ఇంగా దిగి సూసేదేందిరా? దుడ్లు బెట్టి బిగించింది ఎందుకు?" అన్నాడు. పీరు కూడా నవ్వుతూ, "దిగే పన్లేదు చౌడప్పా, ఎనక ఏమున్నా ఇది చెప్తాది" అన్నాడు. చౌడప్ప మళ్లీ దిగలేదు.

డిసెంబరులో ఒక చలి పొద్దు. ఎర్రిస్వామి అని ముసలి గొర్రెల కాపరి, ఎరువుకని చేనిలో గొర్రెల మంద కట్టే విషయం మాట్లాడడానికి పుల్లన్న ఇంటికి వచ్చాడు. పుల్లన్న ఇంకా లేవలేదు. ముసలాయన ఎండపొడ పడుతున్న చోట, కారు వెనక చతికిలబడి, కంబళిని తల మీది నుంచి కప్పుకుని కూర్చున్నాడు. చౌడప్ప వచ్చి కారెక్కాడు. చలికి అద్దాలన్నీ మూసి ఉన్నాయి. గేర్ వేశాడు, వెనక్కి తీశాడు. ఎర్రిస్వామి తొడ ఎముక విరిగింది.

"అది అర్సలేదన్నా" అన్నాడు చౌడప్ప. పుల్లన్న నమ్మలేదు. ఊరంతా చూస్తుండగా అన్నిటికీ అరిచిన మిషన్, మనిషికి అరవలేదంటే ఎవరు నమ్ముతారు? తాగి ఉన్నాడన్నాడు. చౌడప్ప పండగ పూట కూడా ముట్టని మనిషి. స్టేషన్లో కేసు రాసుకున్నారు. బిగించినవాడి చేత పరీక్ష చేయించుకు రమ్మన్నారు.

మరుసటి రోజు పుల్లన్న నలుగురిని వెంటబెట్టుకుని కారును షెడ్డుకు తెచ్చాడు. చౌడప్ప వెనకాల నడుచుకుంటూ వచ్చి ఒక మూల నిలబడ్డాడు. పీరు వైర్లన్నీ చూశాడు. బొడిపెలు తుడిచాడు. పలక పెట్టాడు, బకెట్ పెట్టాడు, నన్ను నిలబెట్టాడు. ప్రతిదానికీ అది అరిచింది. ఆయన గంట సేపు చేశాడు ఆ పని, తప్పు దొరకాలని వెతుకుతున్నట్టే చేశాడు. దొరకలేదు. ఇక చెప్పక తప్పలేదు.

"మిషన్ బాగానే ఉండాదన్నా" అన్నాడు.

పుల్లన్న చెయ్యి చాపాడు. చౌడప్ప జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. పెట్టి పీరు వైపు ఒకసారి చూశాడు. రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు.

నాలుగో రోజు మదీనాబీ, అంటే పీరు భార్య, నా అంగడి ముందుకు వచ్చింది. "ఓబుళేసన్నా, నువ్వన్నా అడుగు. అన్నం ముందర కూసుంటాడు, లేస్తాడు. ఏం జరిగిందంటే చెప్పడు" అంది. అడిగాను. "చౌడప్ప నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదన్నా. మిషనూ చెప్పలేదు. ఇద్దరిలో ఒకరు చెప్పుండాల గదా" అన్నాడు. నాకు విసుగొచ్చింది. ఆయనకేం సంబంధం, పరీక్ష చేశాడు, ఉన్నది చెప్పాడు, అయిపోయింది. అదే మాట అన్నాను కూడా. ఆయన వినలేదు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక నన్ను బలవంతం చేసి నా కారులోనే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఎర్రిస్వామి మంచం మీద కాలికి బరువు వేలాడదీసుకుని పడుకుని ఉన్నాడు. తలకింద ఆ కంబళే మడిచి పెట్టుకున్నాడు. పీరు పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"పెద్దాయనా, కారు కదిలిన సద్దు నీకు ఇనపడలేదా?"

"ఇనపడింది నాయనా."

"మరెందుకు లేయలేదు?"

ముసలాయన ఆశ్చర్యంగా చూశాడు. "దానికి ఎనకాల కండ్లుండాయని ఆ పొద్దు వాకిట్లో అందరికీ నువ్వే గదప్పా చెప్పింది? నన్ను జూస్తాదిలే అనుకుంటి" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే భరించడం కష్టమైంది.

పీరు తల దించుకున్నాడు. ఆయన చెయ్యి ముసలాయన తలకింది కంబళి అంచు మీద ఉంది. ఆ అంచును వేళ్లతో నలిపాడు, మళ్లీ నలిపాడు. వదిలి, ఇంకోసారి పట్టుకున్నాడు. తర్వాత, "ఇది ఒక్క దినం నాకిస్తావా?" అని అడిగాడు. తన భుజం మీది శాలువా తీసి మడిచి ముసలాయన తలకింద పెట్టాడు.

తిరిగొచ్చే దారిలో గార్లదిన్నె దాటాం. అప్పుడన్నాడు, "మా నాయన దూది గదిలో ఉండి పిలిస్తే, పక్క గదిలో ఉండే మాయమ్మకు ఇనపడేది గాదన్నా. మాట అంతా దూదే మింగేది."

పామిడి చేరగానే షెడ్డు ముందు ఒక ముక్కాలి పీట వేసి, దాని మీద కంబళి కప్పాడు. నన్ను కారు వెనక్కి తీయమన్నాడు. తీశాను. బజర్ మోగలేదు. ఇంకా తీశాను. పీట కింద పడిన చప్పుడు వినపడింది గానీ బజర్ మోగలేదు. కంబళి తీసేసి ఉత్త పీట పెడితే గజం దూరం నుంచే అరిచింది. వేరే కంబళి ఒకటి పక్కింటి నుంచి తెప్పించి దాంతోనూ చేశాడు. అదీ అంతే. దట్టమైన ఉన్ని, ఆ కూతను తిరిగి పంపకుండా మింగేస్తోంది. మా సీమలో చలికాలం తెల్లారితే సగం మంది కప్పుకునేది దాన్నే.

నేను ఆయన్ను షెడ్డు లోపలికి లాగి తలుపు దగ్గరకు వేశాను. "సూడు పీరూ, ఇది నువ్వూ నేనూ జూసినాం. ఈడితో ఇడ్సిపెట్టు. బిగించింది నువ్వు, బాగుండాదని చెప్పింది నువ్వు. ఇప్పుడు పోయి బాగలేదంటే పుల్లన్న నిన్ను బతకనిస్తాడా? ఈ మండలంలో ఎవరన్నా నీ దగ్గరికి బండి తెస్తారా? చౌడప్పకు పుల్లన్న గాకపోతే ఇంకొకడు" అన్నాను. నేను చెప్పింది లోకం తెలిసిన మాటే. ఇప్పటికీ అదే అంటాను. అయితే ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను కూడా.

"చౌడప్పను దొంగను చేసింది నా మాటే గదన్నా" అన్నాడు ఆయన. "తాగినాడన్న పుల్లన్న మాట ఎవరూ నమ్మలేదు. నేను చెప్పినాకనే నమ్మినారు."

మరుసటి పొద్దున్నే పుల్లన్న ఊరికి పోయాం. నేనెందుకు పోయానంటే, ఆయన్ను ఒక్కణ్ణే పంపడానికి మనసొప్పలేదు. పుల్లన్న అరుగు మీద నలుగురితో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఇంకోసారి పరీక్ష చూపిస్తానని పీరు అంటే, ఆయన సంతోషంగానే లేచాడు. తన మాటకు ఇంకో సాక్ష్యం అనుకున్నాడు.

"నువ్వే స్టీరింగ్ పట్టుకో అన్నా" అన్నాడు పీరు. "అద్దాలు మూసుకో. ఎనక్కి తిరగొద్దు, అద్దంలో సూడొద్దు. చౌడప్పకు చెప్పినావే, అట్ల దాని మాటే ఇను. అది అరిస్తే ఆపు. అరవకపోతే ఆపొద్దు. మెల్లగా రా."

పుల్లన్న ఎక్కి తలుపు వేసుకున్నాడు. పీరు కారు వెనక్కి నడిచి, రెండు గజాల దూరంలో, సరిగ్గా ఎర్రిస్వామి కూర్చున్న చోట చతికిలబడి, కంబళిని తల మీది నుంచి కప్పుకున్నాడు. పీటనో బస్తానో పెడతాడని నేను అనుకున్నాను. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంట్లోనే కట్టేసేవాణ్ణి.

కారు కదిలింది. నేను పక్కనే నడుస్తున్నాను. గజం. మూర. ఆయన లేవడని నాకు అప్పుడు అర్థమైంది. బంపర్ కంబళికి తగిలింది. పీరు వీపు ముందుకు వంగింది, ఒక చెయ్యి నేలకు ఆనింది. నేను రెండు చేతులతో కారు అద్దం మీద బాదాను.

పుల్లన్న బ్రేకు తొక్కి, తల బయటకు పెట్టి, "ఏమప్పా, ఇంగా అర్సనే లేదు గదా?" అన్నాడు.

తర్వాత దిగి వెనక్కి వచ్చి చూశాడు. కంబళి కింది నుంచి పీరు లేచి మట్టి దులుపుకుంటున్నాడు. అరచెయ్యి దోక్కుపోయి నెత్తురు వస్తోంది. అరుగు మీది వాళ్లు కాఫీ గ్లాసులతోనే దగ్గరికి వచ్చారు. పుల్లన్న కంబళిని చూశాడు, బంపర్‌ను చూశాడు.

"మొన్న నేను చెప్పింది తప్పన్నా" అన్నాడు పీరు. "ఇది గోడను జూస్తాది, బిందెను జూస్తాది. కంబళి కప్పుకున్న మనిషిని సూడలేదు. చౌడప్ప చెప్పిందే నిజం."

పుల్లన్నకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఒకరి మీద రావాలి కదా. "అంటే నా కారుకు గుడ్డిదాన్ని తగిలించినావా?"

"అవునన్నా."

నేను సామాన్లు అమ్ముకునే మనిషిని. సామాను చెడిపోతే కంపెనీని అనడం, గాలిని అనడం, గిరాకీ చేతిని అనడం నాకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి ప్రశ్నకు ఒక్క మాటతో జవాబు చెప్పి ఊరుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను. ఆ తర్వాత చూడలేదు.

"ఇదే మాట స్టేషన్లో చెప్తావా?" అన్నాడు పుల్లన్న గొంతు తగ్గించి.

"చెప్తా."

"నీ పేరు పోతాది పీరూ."

"పోనీలే అన్నా. డైనమోలు ఉండాయి, చేసుకుంటా."

పేరు పోయింది కూడా కొన్నాళ్లు. ఆ సంక్రాంతి దాటి ఉగాది వచ్చేదాకా ఆయన ఒక కంబళి చంకన పెట్టుకుని, సెన్సార్ బిగించిన ప్రతి కారు ఇంటికీ బస్సుల్లో తిరిగాడు. బెళుగుప్ప పోయాడు, శింగనమల పోయాడు. కంబళి కప్పి చూపించి, ఇది చూడనిది కూడా ఉంది, దిగి చూసుకోండి అని చెప్పి వచ్చాడు. కొందరు ఊడబీకి ఆయన మీదికే విసిరారు. తిట్టినవాళ్లకూ చూపించాడు, వాకిట్లోంచే పొమ్మన్నవాళ్లకు రెండోసారి పోయి చూపించాడు. ఇదంతా తర్వాతి మాట.

ఆ పొద్దు మాత్రం నేరుగా చౌడప్ప ఇంటికి పోయాం. ఊరి చివర బండల కప్పు ఇల్లు. పుల్లన్న రాలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వే ఇయ్యి" అని ముఖం తిప్పుకున్నాడు. చౌడప్ప వాకిట్లో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. పీరు కూర్చోమని, తనూ నేల మీదే ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పు చెప్పినానప్పా" అన్నాడు. "అది అర్సలేదు. పుల్లన్నకు చూపించి వస్తాండాం. సాయంత్రం స్టేషన్లో గూడా చెప్తా."

చౌడప్ప సంతోషిస్తాడని, లేదా నాలుగు మాటలు అడిగేస్తాడని నేను ఎదురుచూశాను. ఆయన రెండూ చేయలేదు. చేతిలో కాయను అలాగే పట్టుకుని పీరు ముఖంలోకి చూశాడు.

"నిజంగా అర్సలేదా?" అన్నాడు.

పీరుకు అర్థం కాలేదు. "నువ్వే గదప్పా చెప్పింది, అర్సలేదని."

"చెప్తి. నువ్వు బాగుండాదంటివి గదన్నా మళ్ల. పీరన్న చెప్తే తప్పుండదు. అరిసే ఉంటాది, నాకే ఇనపడలేదు, చెవులు పోయినాయి అనుకుంటి. ఇంగ స్టీరింగ్ ముట్టుకోగూడదు అనుకుంటి. నిన్న మా ఆడామెతో గూడా చెప్తి, ముసలాయన కాలు నేనే ఇరగ్గొట్టినానని."

తాళంచెవి ఇవ్వబోయి నేను ఆగిపోయాను. పీరు ముందుకు జరిగి, దోక్కుపోయిన ఆ చేత్తోనే చౌడప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"నీ చెవులు బాగుండాయప్పా" అన్నాడు.